వేలం పాటను ఆపిన పల్లెలు

గండికోట అనగానే మన కళ్ళ ముందు నిలిచేవి ఎర్రమల కొండలను చీల్చుకుని పారే పెన్నానది, పెమ్మసాని నాయకుల కోటగోడలు, మాధవరాయస్వామి ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం. పదిహేడవ శతాబ్దం మధ్యలో మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్న సంగతి, 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియర్ అతనిని చూడడానికి ఇక్కడికి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. ఇది రాజుల చరిత్ర. ఈ కోట చుట్టుపక్కల తాలూకాలకు ఇంకొక చరిత్ర కూడా ఉంది. అందులో కత్తులు లేవు, శాసనాలు లేవు. ఉన్నవి సారాయి అంగళ్ళు, కలెక్టరు కచేరీలో జరిగే వేలం పాటలు, వాటిని ఆపిన ఆడవాళ్ళు. ఈ వ్యాసం ఆ చరిత్రను గురించి.

ఈ రోజుల్లో ఏదైనా ఊరికి మద్యం దుకాణమో, పేకాట క్లబ్బో, గోవాలో మాదిరి కాసినోనో వస్తుందంటే ఊరివాళ్ళు రెండు వర్గాలుగా చీలిపోవడం చూస్తున్నాం. ఆదాయం వస్తుంది, నలుగురికి పని దొరుకుతుంది అని ఒకరు. కాపురాలు కూలిపోతాయని మరొకరు. ఈ వాదన కొత్తది కాదు. మన కడప, కర్నూలు జిల్లాలు ఈ వాదనను దాదాపు నూరేళ్ళుగా వింటున్నాయి. ఒకసారి దీని మీదే కర్నూలులో ఒక ప్రభుత్వం పడిపోయింది కూడా.

తొలి ప్రయత్నం: 1938

మద్రాసు రాష్ట్రంలో కల్లు, సారాయి వ్యాపారానికి చట్టబద్ధమైన రూపం ఇచ్చింది 1886 నాటి ఆబ్కారీ చట్టం. అమ్మే హక్కును ప్రభుత్వం వేలం వేస్తుంది. ఎక్కువ పాడినవాడికి అంగడి దక్కుతుంది. ప్రజలు తాగాలని ప్రభుత్వం నోటితో చెప్పదు. కాని ప్రజలు తాగకపోతే ప్రభుత్వానికి రాబడి లేదు. ఈ చిక్కు అప్పటి నుంచీ ఉన్నదే.

సహాయ నిరాకరణోద్యమ కాలంలో కల్లు దుకాణాల ముందు పికెటింగు జరిగింది. 1921 సెప్టెంబరు చివరలో గాంధీజీ కడప, తాడిపత్రి, కర్నూలు మీదుగా పర్యటించారు. మద్యపాన నిషేధం అప్పటి నుంచి కాంగ్రెసు కార్యక్రమంలో విడదీయలేని భాగమైంది. అందుచేత 1937లో రాజాజీ మద్రాసు ప్రధానిగా అధికారం చేపట్టగానే నిషేధ చట్టం తెచ్చారు. 1937 అక్టోబరు 1న మొదట సేలం జిల్లాలో అమలు చేశారు. మరుసటి సంవత్సరం, అంటే 1938లో, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. తెలుగు జిల్లాలలో మద్యనిషేధాన్ని మొట్టమొదట చూసినవి ఈ రెండే.

గండికోట ఉన్న జమ్మలమడుగు తాలూకా కడప జిల్లాలోది కనుక ఆ నిషేధం కిందికి వచ్చింది. అయితే ఈ తాలూకాకు ఉత్తరాన కోయిలకుంట్ల కర్నూలు జిల్లాలోనిది, పడమట తాడిపత్రి అనంతపురం జిల్లాలోనిది. ఆ రెండు చోట్లా అంగళ్ళు తెరిచే ఉన్నాయి. ఒక జిల్లాలో మూసి, పొరుగు జిల్లాలో తెరిచి ఉంచిన నిషేధం ఎంతవరకు సాగుతుందో హద్దు పక్కన నివసించేవారికి ఎవరూ చెప్పనక్కర లేదు.

రాజాజీ ఖజానా సంగతి మరిచిపోలేదు. ఆబ్కారీ రాబడి తగ్గితే వచ్చే లోటును పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చారు. మన సంఘంలో వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రులు ఉన్నారు. వారి శాఖ పుట్టుకకు ఒక కారణం కడప, చిత్తూరు, సేలం జిల్లాలలో మూతపడిన కల్లు దుకాణాలు అని తెలిస్తే వారికి ఆసక్తి కలుగుతుందనుకుంటాను. చిత్రమేమంటే తర్వాత నిషేధం పోయింది, అమ్మకపు పన్ను మాత్రం ఉండిపోయింది.

1939లో కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. యుద్ధకాలంలో గవర్నరు పాలనలో నిషేధాన్ని పక్కన పెట్టారు. యుద్ధానంతరం తిరిగి వచ్చిన కాంగ్రెసు ప్రభుత్వం 1946 నుంచి దశలవారీగా అమలు చేసి 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం విధించింది.

కర్నూలులో కూలిన మంత్రివర్గం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని. గుడారాలలో కార్యాలయాలు నడిచిన ఆ రోజుల గురించి మన పెద్దల నోట చాలాసార్లు విన్నాం. కొత్త రాష్ట్రానికి డబ్బు లేదు. మద్యనిషేధం అమలు తీరును పరిశీలించడానికి నియమించిన రామమూర్తి కమిటీ నిషేధాన్ని ఎత్తివేయమని సిఫారసు చేసింది. మరొకవైపు నిషేధం వల్ల జీవనోపాధి కోల్పోయిన గీత కార్మికులు గౌతు లచ్చన్న నాయకత్వంలో సత్యాగ్రహం చేశారు. మన ప్రాంతంలో ఈడిగలని పిలిచే ఆ కుటుంబాలకు చెట్టెక్కడం తప్ప మరో విద్య చేతిలో లేదు. నిషేధం విధించిన ప్రభుత్వాలు వారికి బదులు పని చూపించలేకపోయాయి.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం కమిటీ సిఫారసును అమలు చేయలేదు. దాని మీద వచ్చిన అవిశ్వాస తీర్మానం 1954 నవంబరు 6న ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆంధ్రకేసరి ప్రభుత్వం పడిపోయింది. ఈ సంఘటన చెప్పుకునేటప్పుడు సామాన్యంగా రాజకీయ ఎత్తుగడలను గురించే చెప్పుకుంటారు. నిషేధం పై నుంచి వచ్చింది, దాన్ని తీసివేయమన్న సిఫారసూ పై నుంచే వచ్చింది అన్న సంగతి మాత్రం గమనించదగినది. ఏ పల్లెలో అంగడి ఉండాలో ఉండకూడదో ఆ పల్లెను ఎవరూ అడగలేదు.

అరవయ్యవ దశకం చివరికి వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధాన్ని వదులుకుంది. మళ్ళీ వేలం పాటలు మొదలయ్యాయి.

వేలం పాట ఎలా నడిచేది?

నేటి తరానికి తెలియకపోవచ్చు కనుక కొంచెం వివరిస్తాను. సారాయి ప్రభుత్వ సరఫరా. అమ్మే హక్కు కాంట్రాక్టరుది. ఏటా ఆబ్కారీ సంవత్సరం మొదలయ్యే ముందు జిల్లా కేంద్రంలో, అధికారుల సమక్షంలో, పోలీసు బందోబస్తు మధ్య అంగళ్ళకు పాట జరిగేది. పాట పాడినవాడు కనీసం ఇంత సరుకు ఎత్తి తీరాలన్న నిబంధన ఉండేది. దానినే ఎం.జి.క్యూ. అనేవారు. అందుచేత కాంట్రాక్టరుకు సరుకు ఊరూరా అమ్ముడుపోయి తీరాలి. అంగడి ఊరి బయట ఉంటే చాలదు, ఇంటి గడప దాకా రావాలి.

ఎనభయ్యవ దశకంలో 'వారుణి వాహిని' పేరిట సారాయి పాలిథీను ప్యాకెట్లలోకి మారింది. సీసా అక్కర లేదు, గ్లాసు అక్కర లేదు. జీపులో, సైకిలు మీద, చేతిసంచిలో ఎక్కడికైనా పోయేది. తాగునీరు దొరకని ఊళ్ళకు కూడా సారాయి ప్యాకెట్టు వేళకు అందేదన్న మాట ఆ రోజుల్లో సామెతగా మారింది. వర్షాధారపు వేరుశనగ, బండల గనులు, కూలి పని మీద ఆధారపడిన మన సీమలో చేతికి రొక్కం వచ్చేదే తక్కువ; ఆ కొంచెం అంగడి దగ్గర ఆగిపోయేది. అంగట్లో అరువు కూడా ఉండేది. అప్పు పెరిగిన ఇంట్లో ముందు పోయేవి ఆడవాళ్ళ ఒంటి మీది వస్తువులు, తర్వాత గింజలు.

రాష్ట్ర ప్రభుత్వపు ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి అది 812 కోట్లకు చేరింది. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకున్నా ఇది చిన్న పెరుగుదల కాదు.

దూబగుంట నుంచి సీమకు

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. రాత్రిబడులకు ఎక్కువగా వచ్చింది ఆడవాళ్ళు. వాచకంలోని సీతమ్మ కథ, తాగుబోతు భర్తతో ఒక ఇల్లాలు పడే బాధలను చెప్పేది. ఆ పాఠం మీద చర్చ ఎక్కడ మొదలైనా తమ ఊరి అంగడి దగ్గరకే వచ్చి ఆగేది.

కలిగిరి మండలం దూబగుంటలో తాగిన మత్తులో ఇద్దరు కూలీలు చెరువులో పడి చనిపోయారు. ఆ ఊరి ఆడవాళ్ళు సుమారు నూరుమంది కలిసికట్టుగా కదిలారు. మొదట కల్లు కుండలు ఊళ్ళోకి రాకుండా అడ్డుకున్నారు. తర్వాత సారాయి జీపును వెనక్కి పంపారు. చివరికి అంగడి మూతపడింది. వర్దినేని రోశమ్మ పేరు ఆ ఊరి పేరుతో కలిసి రాష్ట్రమంతటా వినిపించింది. ఈ కథే అక్షరాస్యతా కార్యక్రమం తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంగా వచ్చింది. దాన్ని చదివిన ఊళ్ళు తామూ అదే పని చేశాయి.

1992లో ఉద్యమం నెల్లూరు దాటింది. చిత్తూరు, కడప, కర్నూలు, అనంతపురం జిల్లాలకు పాకింది. తెలంగాణ జిల్లాలకూ వెళ్ళింది. చీపురుకట్టలు, కారంపొడి వారి ఆయుధాలు. ప్యాకెట్లను రచ్చబండ దగ్గర కుప్పపోసి తగలబెట్టారు. తాగి వచ్చిన మగవాళ్ళకు అన్నం పెట్టలేదు. కొన్ని ఊళ్ళలో జరిమానాలు వేశారు, కొన్ని ఊళ్ళలో గుండు కొట్టించి ఊరేగించారు. ఈ చివరి పనులు అందరూ మెచ్చుకున్నవి కావు. మహిళా సంఘాలు, వామపక్షాలు, జన విజ్ఞాన వేదిక, పౌరహక్కుల వారు వెనక నిలబడ్డారు. 'ఈనాడు' పత్రిక ఉద్యమ వార్తలకు విశేష ప్రాధాన్యం ఇచ్చింది. కాని ఏ ఊరి పోరాటానికి ఆ ఊరి ఆడవాళ్ళే నాయకులు.

వారికి త్వరలోనే ఒక సంగతి అర్థమైంది. ఊళ్ళో అంగడి మూసినా జిల్లా కేంద్రంలో పాట జరిగితే మళ్ళీ తెరుచుకుంటుంది. కాబట్టి అడ్డుకోవలసింది పాటను. నెల్లూరులో వేలం పాట జరిగే చోటికి వేలాదిగా చేరారు. పాట వాయిదా పడింది. మళ్ళీ ప్రకటించారు, మళ్ళీ వాయిదా పడింది. అలా పలుమార్లు జరిగింది. ఒక ఊరి గొడవ రాష్ట్ర ఖజానా గొడవగా మారింది అక్కడే.

ఈ సందర్భంగా మనబోటి ఉద్యోగుల స్థితిని కూడా చెప్పుకోవాలి. అక్షరాస్యతా కార్యక్రమాన్ని నడిపింది కలెక్టరు కార్యాలయం. సారాయి వేలం నడపవలసిందీ అదే కార్యాలయం. పగలు బందోబస్తు ఏర్పాట్లు చూసిన సిబ్బందే సాయంత్రం రాత్రిబడుల తనిఖీకి వెళ్ళేవారు. ఒక చేత్తో అక్షరం ఇచ్చిన ప్రభుత్వం మరో చేత్తో ప్యాకెట్టు ఇచ్చింది. ఆ రెండింటిలో ఏది నిలవాలో నిర్ణయించింది మాత్రం చదువు నేర్చుకున్నవారు.

నిషేధం, సడలింపు

1992 అక్టోబరులో కోట్ల విజయభాస్కర రెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు జిల్లావారు. ఆయన ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాయిని నిషేధించింది. అంతటితో ఆగలేదు. 1994 డిసెంబరు 12న ఎన్.టి. రామారావుగారు ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలులోకి వచ్చింది. 'వారుణి వాహిని' తెచ్చినదీ ఆయన ప్రభుత్వమే అన్నది చరిత్రలో ఒక విడ్డూరం.

సంపూర్ణ నిషేధం రెండేళ్ళకు పైబడి నడిచింది. పొరుగు రాష్ట్రాల నుంచి అక్రమ రవాణా, కొండల్లో నాటుసారా సాగిపోయాయి. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం దాన్ని సడలించింది. చూపిన కారణాలలో ముఖ్యమైనది ఖజానా లోటు. 1938లో ఒక జిల్లాకు ఎదురైన హద్దుల సమస్య 1995లో రాష్ట్రానికి ఎదురైంది. 1939లో రాజాజీ అమ్మకపు పన్నుతో జవాబు చెప్పిన ప్రశ్నకు ఈసారి జవాబు దొరకలేదు.

జీతాలకు డబ్బు లేదన్న మాట ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. ఆ మాట మన పేరు మీద అన్నది. మన జీతాలు, ఇప్పుడు మన పెన్షన్లు వచ్చేది రాష్ట్ర సంచిత నిధి నుంచి. ఆ నిధిలోకి ఎక్సైజు రాబడి కూడా చేరుతుంది. మనం కోరి తెచ్చుకున్నది కాకపోవచ్చు. అయినా ఏ రాబడి ఎవరి వంటింట్లో నుంచి వస్తున్నదో తెలుసుకోవలసిన బాధ్యత, పెన్షను తీసుకునేవారికి ఇతరులకన్నా కొంచెం ఎక్కువే ఉంది.

నిలిచింది ఏది?

1938 నిషేధం నిలవలేదు. 1948 నాటిది నిలవలేదు. 1995 నాటిది నిలవలేదు. 1993 నాటి సారాయి నిషేధం మాత్రం 1997లో సడలింపు వచ్చినప్పుడు కూడా చెక్కు చెదరలేదు. విదేశీ పేరు గల మద్యాన్ని తిరిగి తెచ్చిన ఏ ప్రభుత్వమూ ప్యాకెట్టు సారాయి వేలాన్ని తిరిగి తేవడానికి సాహసించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మిగిలిన నిషేధాలను నాయకులు ఇచ్చారు. దీన్ని ఊళ్ళు తీసుకున్నాయి.

దీనివల్ల తాగుడు ఆగిపోయిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. సారాయి స్థానంలో చీప్ లిక్కరు వచ్చింది, ఊళ్ళలో బెల్టు షాపులు వెలిశాయి. 2019లో అంగళ్ళను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు వారికి లాటరీ ద్వారా కేటాయించింది. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షల రూపాయలు. అంటే ఒక్క సీసా అమ్మకముందే దాదాపు 1,798 కోట్లు ఖజానాకు చేరాయి. వేలం పాట పోయి లాటరీ వచ్చింది. దరఖాస్తుదారుకు అదీ ఒక జూదమే.

జూదం మాట వచ్చింది కనుక దాన్నీ రెండు మాటల్లో చూద్దాం. మన రాష్ట్రంలో 1974 గేమింగు చట్టం ప్రకారం జూదశాల నడపడం నేరం. రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రపు కేసులోనే చెప్పింది; పేకాట క్లబ్బుల వాదనకు అదే ఆధారం. 2020లో రాష్ట్రం ఆన్‌లైను జూదాన్ని నిషేధించింది, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలన్నింటినీ నిషేధించింది. గోవాలో మాత్రం జూద చట్టాన్ని 1992లోనూ, 1996లోనూ సవరించి ముందు పెద్ద హోటళ్ళలో యంత్రాలకు, తర్వాత నీటి మీద నౌకలకు అనుమతి ఇచ్చారు. పణజి దగ్గర మాండవి నదిలో కాసినో నౌకలు నిలిచాయి. అక్కడి పౌరులు ఏళ్ళ తరబడి వాటిని తీసివేయమని అడుగుతున్నారు. ప్రభుత్వం చెప్పే జవాబు మన కర్నూలు గుడారాల్లో 1954లో వినిపించినదే: రాబడి.

గండికోటకు ఏమి కావాలి?

ఇప్పుడు గండికోటకు దూరప్రాంతాల నుంచి పర్యాటకులు వస్తున్నారు. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇక్కడి అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. వసతి గృహాలు వస్తాయి, హోటళ్ళు వస్తాయి. మంచిదే. కోటలోపలి పల్లెలో నివసించేవారికి నాలుగు పనులు దొరకాలి. దిగువన 26.85 టి.ఎం.సి.ల జలాశయం కోసం ఎన్నో ఊళ్ళు ఇళ్ళు వాకిళ్ళు వదులుకున్నాయి. అలాంటి ప్రాంతానికి ఆదాయం వద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

కాని పర్యాటకం వెంట బార్లు, క్లబ్బులు, మరేవేవో అనుమతులు అడుగుతూ వచ్చేవారు ఉంటారు. అప్పుడు ఎవరిని అడగాలి? షెడ్యూల్డు ప్రాంతాలకు వర్తించే 1996 నాటి కేంద్ర చట్టం మత్తుపదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం స్థానిక గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్పింది. మైదాన ప్రాంతపు పల్లెలకు ఆ రక్షణ లేదు. జమ్మలమడుగు పల్లెకు ఆ హక్కు ఎందుకు ఉండకూడదో అడగవలసిన సమయం ఇదే. అడిగేవారు ఆదాయపు లెక్కను కూడా ముందుంచాలి. అంగడి వల్ల పనిలోకి వచ్చేవారు ఎందరు, దాని వల్ల బతుకు చెడేవారు ఎందరు, అది పోతే ఉపాధి కోల్పోయేవారికి చూపే దారి ఏది? 1954లో ఈడిగల సంగతి పట్టించుకోనందువల్ల ఏమి జరిగిందో పైన చూశాం.

మనం విశ్రాంత ఉద్యోగులం. మనకు ఫైలు ఎలా కదులుతుందో తెలుసు. అభ్యంతరపత్రం ఎవరికి ఎప్పటిలోగా ఇవ్వాలో, గ్రామసభ తీర్మానం ఎలా రాయాలో, 2005 సమాచార హక్కు చట్టం కింద ఏ కాగితం అడగాలో తెలుసు. దూబగుంట ఆడవాళ్ళు అక్షరం నేర్చుకున్న తర్వాత ఆ పని చేశారు. మనం అక్షరంతోనే ముప్పై ఏళ్ళు బతికినవాళ్ళం. ఊళ్ళో ఏ ఇల్లాలైనా అర్జీ రాసిపెట్టమని మన గడప ముందుకు వస్తే కాదనకుండా కూర్చుని రాసి పెడదాం. తేదీ వేయించి, నకలుకు రసీదు కూడా తీసుకుందాం.